దిబ్బ మీద నేను పీకిన తీగ

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ నా మీద ఒకే ఒక్కసారి చేయి చేసుకుంది, అదీ ఇసుక దిబ్బ మీద పాకే ఒక తీగ కోసం.

మేము నర్సీపట్నంలో ఉండేవాళ్లం. అమ్మమ్మది నక్కపల్లి అవతల సముద్రపు ఒడ్డు. ఆ ఏడు తుఫాను వెలిశాక అమ్మ నన్ను తోడుగా అక్కడ దింపి వెళ్లింది. చేపలు ఎండబెట్టే ఒడ్డంతా మాయమైంది. ఇంటి ముందున్న దిబ్బ సగానికి కోసుకుపోయి గోడలా నిలబడి ఉంది. ఇంటికి ఇక అడ్డం ఆ మిగిలిన సగమే. నాలుగో రోజున రేడియోలో మళ్లీ వాయుగుండం అన్నారు. ఇల్లు వదిలేద్దామని మావయ్య పట్టుబట్టాడు.

అమ్మమ్మ కదల్లేదు. దూరంగా నీళ్ల మధ్యలో కెరటం విరుగుతున్న చోటు నాకు చూపించింది. “ఇసక ఎక్కడికీ పోనేదే గుంటా. సముద్రం అక్కడ దాసింది. నెమ్మదిగా మోసుకొచ్చి ఇచ్చేస్తాది. అందాకా ఈ దిబ్బ నిలబడాల,” అంది.

నాకు తెలిసిందల్లా నెత్తళ్ల చేపలు ఎండబెట్టడానికి ఆమెకు చోటు లేదని. మర్నాడు ఆమె గంపతో ఊళ్లోకి వెళ్లగానే దిబ్బ మీది ఊదారంగు పూల తీగను వేళ్లతో సహా పీకి, నాలుగు చాపలు పరిచేంత మేర శుభ్రం చేశాను. మెచ్చుకుంటుందని గుమ్మంలో ఎదురుచూశాను కూడా.

ఆమె వచ్చి చూసి చెంప మీద కొట్టింది. “దిబ్బని పట్టుకున్నది అదేనే,” అంది. గంప పక్కన పడేసి నేను పీకిన తీగలు ఏరసాగింది. సాయంత్రం దాకా ఇద్దరం ఆ తీగ ముక్కల్నే కణుపులు ఇసుకలోకి దిగేలా పాతాం. అప్పటికే గాలి మారింది.

తెల్లవారాక కెరటాలు దిబ్బను తాకాయి. రాత్రే అమ్మమ్మతో సహా ఊరంతా బడి మేడ ఎక్కాం, అక్కడి నుంచే చూస్తున్నాం. తీగ ఉన్నంత మేర దిబ్బ తరుగుతూనే నిలబడింది. నేను పీకిన చోట, పాతిన ముక్కలు ఇంకా వేళ్లూనక, ఇసుక జారి సందు పడింది. ఆ సందులోంచి నీళ్లొచ్చి వంటపాకను లాక్కుపోయాయి. ఇల్లు మాత్రం మిగిలింది.

“అక్కడ తీగ ఎవులు పీకినారు?” అని మావయ్య అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మమ్మ, “నానే. నెత్తళ్లు ఆరబెడదామని,” అంది. ఇన్నేళ్లు ఒడ్డున బతికి ఆ మాత్రం తెలియదా అని అందరూ దెప్పినా మాట మార్చలేదు.

వేసవికి ఇసుక వచ్చింది, ఆమె చెప్పినట్టే, రోజుకింత. మేం పాతిన ముక్కల్లో సందు అంచున మిగిలిన నాలుగైదు బతికి దానికి అడ్డంగా పాకాయి.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. వంటపాక మాట వస్తే మావయ్య ఇప్పటికీ ఆమెనే అంటాడు. సముద్రం తీసుకున్న ఇసుకను తిరిగి ఇచ్చేసింది. అమ్మమ్మ తన మీద వేసుకున్న నా తప్పును నేను ఇంకా తిరిగి తీసుకోలేదు.