గళ్ళు ఇరుకైన చోట

నాకు గుండెదడ ఎప్పుడొచ్చినాదో మా ఆయన నేసిన గుడ్డ తడిమి చెప్పేస్తాడు. గుబులు పడితే పోగుల్ని దగ్గరికి జరిపే పన్నెను గట్టిగా లాగి కొడతాను గదా, ఆడ లుంగీ గళ్ళు ఇరుకైపోతాయి. రెండు కొనలు కలిపి కుట్టేటప్పుడు గడికి గడి కలవదు. "ఇదో, ఈడ నీకు పడపడప్పు వచ్చినాది" అని వేలు పెట్టి చూపిస్తాడు. నాకు ఒళ్ళు మండేది. చూసింది చాల్లే, నోరు మూసుకొని కండెలు చుట్టు అనేదాన్ని.

గుడియాత్తంలో మన మగ్గం ముందర వస్తే సరే, బస్సులో వస్తే ఏం జేసేది? వేలూరులో కాపురముండే మా కూతురికి తొలి చూలు. ఏడో నెలలో దాన్ని చూడను బయలుదేరినాను. బస్సు కిక్కిరిసి ఉండాది. ఊపిరాడలా. చచ్చిపోతానేమో అనిపించి కే.వి.కుప్పంలో దిగేసి, వచ్చిన దారినే ఇంటికి చేరినాను. ఫోను చేస్తే అది తిట్టలా. "సరేమ్మా" అనింది, అంతే. ఆ మాట నన్ను నిద్రపోనీలా.

డాక్టరమ్మ అన్నీ చూసి "ఒణ్ణుమిల్లమ్మా" అనింది. గుండెకేమీ లేదంట, అంతా మనసులోని బెదురంట. కండ్లు మూసుకొని ఊపిరిని గమనించమనింది. గమనిస్తే ఇంకా ఎక్కువైంది! చూసేకొద్దీ ఊపిరి యాడ ఆగిపోతుందోనని భయం. ఇది మన వల్ల కాదు అనుకున్నాను. కానీ బిడ్డ కాన్పుకు పోకుండా ఎట్ట ఉండేది? పోయి తీరాల.

అప్పుడు మా ఆయన వేలు గుర్తుకొచ్చింది. గళ్ళు ఇరుకైనాక ఆయన చూపించేది కాదు, ఇరుకయ్యేటప్పుడే నేను పట్టుకోవాల. మగ్గం గుంటలో కాళ్ళు దించుకొని, కుడికాలి కింద చెక్క అణిగేది, ఎడమకాలి కింద చెక్క లేచేది, అదొక్కటే చూస్తా నేసినాను. మనసు వేలూరికి పరిగెత్తేది. రా తల్లీ, కాలికాడికి రా అని మళ్ళీ పిలుచుకొచ్చేదాన్ని. దినామూ అదే పని. గళ్ళు ఒక్కోనాడు సరిగ్గా వచ్చేవి, ఒక్కోనాడు వచ్చేవి కావు. నేను మాత్రం విడవలా.

ఒకరోజు పొద్దున అల్లుడు ఫోను చేసినాడు. నొప్పులు మొదలైనాయంట. మా ఆయన నూలు తెచ్చేదానికి పోయుండాడు. ఒక్కదాన్నే బస్సెక్కినాను. కే.వి.కుప్పం దగ్గరవుతానే గుండె దబదబా కొట్టుకుంది. ఒళ్ళంతా చెమట. కుప్పం వాళ్ళు దిగండని కండక్టరు అరిస్తే కమ్మీ పట్టుకొని లేచినాను గూడా. మళ్ళీ కూర్చున్నాను. కుడికాలు తొక్కినాను, ఎడమకాలు తొక్కినాను. కొట్టుకో నాయనా, ఎంత కొట్టుకుంటావో కొట్టుకో, నేను దిగను అనుకున్నాను. పక్కనామె నాకు పిచ్చి పట్టిందనుకొని జరిగి కూర్చునింది. మంచిదే, కాళ్ళాడించను చోటు దొరికింది.

ఆస్పత్రిలో నొప్పుల గదికి తోడుగా నన్ను పంపినారు. నన్ను చూస్తానే కూతురు బోరుమనింది.

"వస్తావనుకోలా అమ్మా. మళ్ళీ నడమధ్యలో దిగేస్తావనుకున్నా."

అంతలో దానికి ఇంకో నొప్పి వచ్చినాది. చచ్చిపోతానేమో అనే భయం దాని కండ్లలో కనిపించింది. అది నాకు బాగా తెలిసిన భయమే. దాని పాదాల కింద నా అరచేతులు పెట్టినాను. మగ్గం చప్పుడు వింటా పెరిగిన బిడ్డ, దానికి వేరే చెప్పే పనిలేదు.

"తొక్కమ్మా," అన్నాను. "కుడికాలు. ఇప్పుడు ఎడమకాలు. నేను యాడికీ పోను."