మామగారు హిందీలో మాట్లాడిన సభ

మొన్న మా మనవరాలు కాలేజీలో ఏదో పోటీకి ఉపన్యాసం తయారుచేసుకుంటూ, పండరీ బట్టల బజారులో కొనుక్కొచ్చిన కొత్త చీర కుర్చీ మీద పరిచి, నా మంచం పక్కన చేరింది. ఉపన్యాసాలు నాలుగు రకాలట. విషయం తెలియజెప్పేవి, ఒప్పించేవి, నవ్వించేవి, సందర్భాన్ని బట్టి చేసేవి. ఫోన్‌లో చూసి వరసగా చదివి, "సమఝ్ మే ఆయా కదా నానమ్మా? ఇందులో ఏది ఈజీయో చెప్పు" అంది. రాయపూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. దాని తెలుగు అలాగే ఉంటుంది. ఏదీ ఈజీ కాదన్నాను. "నువ్వెప్పుడు స్పీచ్ ఇచ్చావ్?" అని నవ్వింది. నిజమే, నేను ఏనాడూ మైకు ముందు నిలబడలేదు. కాని ఉపన్యాసాలు తయారయ్యే ఇంటికి కోడలిగా వచ్చాను.

పెళ్ళయి శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరి రైల్వే కాలనీకి వచ్చేసరికి నాకు పదిహేడేళ్ళు. ఆంధ్ర రాష్ట్రం అప్పుడప్పుడే ఏర్పడిన రోజులు. బొగ్గు ఇంజన్ల కాలం కనుక ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగా ఉండేది కాదు. మా వరస క్వార్టర్లలో అందరూ మన తెలుగువాళ్ళే. వెనక వరసలో ఛత్తీస్‌గఢీ వాళ్ళు ఉండేవారు. రెండు వరసలకీ మధ్య నీళ్ళ కుళాయి. మా మామగారు గూడ్స్ ఆఫీసులో గుమాస్తా. పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవారు. ఆఫీసులో ఆయన మాట ఎవరు వినేవారో నాకు తెలియదు గాని, కాలనీలో సభ అంటే మాత్రం ఆయన లేకుండా జరిగేది కాదు. బదిలీ మీద ఎవరు వచ్చినా, ఎవరు వెళ్ళినా, ఎవరి పిల్లాడు మెట్రిక్ పాసైనా, పందిట్లో రెండు బెంచీలు వేసి ఆయన్ని పిలిచేవారు. అచ్చమైన తెలుగు, గంట మోగినట్టుండే గొంతు. ముందురోజు పెరట్లో జామచెట్టు వైపు తిరిగి, చేతులు ఊపుతూ సాధన చేసేవారు. వంటింటి కిటికీలోంచి మా అత్తగారు చూసి, "అదిగో, చెట్టుకి సన్మానం అవుతోంది. పప్పు దించీ, ఇప్పుడప్పుడే రారు" అనేవారు.

నేను ఎనిమిదో తరగతి దాకా చదివానని తెలిశాక ఆయన సాధనకి జామచెట్టు బదులు నేను దొరికాను. బియ్యం ఏరుకుంటూ గుమ్మంలో కూర్చుంటే, ఎదురుగా పీట వేసుకుని చెప్పేవారు. స్వాగతం పలికే ఉపన్యాసం వచ్చినవాడి మెడలో దండ బరువెక్కక ముందే అయిపోవాలట. వీడ్కోలు ఉపన్యాసం వింటే, వెళ్ళేవాడికి తను ఇంత మంచివాడినా అని చిన్న అనుమానం కలగాలట. వందన సమర్పణ వేళకి జనం చెప్పుల కోసం వెతుక్కుంటారు కనుక, బెంచీలు మోసినవాళ్ళ పేర్లు అప్పుడే చెప్పాలట; తమ పేరు కోసం వాళ్ళూ, వాళ్ళ కోసం ఇంకొందరూ ఆగుతారు. పై అధికారికి విన్నపం చేసేటప్పుడు ఒక్కటే అడగాలి, రెండోది అడిగితే మొదటిది మరిచిపోతాడు. ఇలా ఎన్నో. ఒకసారి నేను, "మరి ఎవరైనా పోయినప్పుడు చేసేది, మామయ్యగారూ?" అని అడిగాను. ఆయన చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసి, "దానికి నా దగ్గర పద్ధతి లేదమ్మా. ఎన్నోసార్లు మాట్లాడేను. ఒక్కసారీ బాగా కుదరలేదు" అన్నారు.

ఆ ఏడు ఎండలు ముదిరిన రోజుల్లో యార్డులో ప్రమాదం జరిగింది. పెట్టెలు అటూ ఇటూ మార్చే ఇంజన్ వెళ్ళవలసిన పట్టా మీదికి కాకుండా పక్క పట్టా మీదికి మళ్ళి, అక్కడ ఆగివున్న పెట్టెలను గుద్దుకుంది. డ్రైవరు బతికాడు. బొగ్గు వేసే ఫైర్‌మన్ ఇంజన్ మీంచి పడి అక్కడికక్కడే పోయాడు. మా వరస చివరి క్వార్టర్లో తల్లితో ఉండే కుర్రవాడు. తండ్రి లేడు, పెళ్ళి కాలేదు. మా పెరటి జామకాయలు అడిగి మరీ కోసుకెళ్ళేవాడు. పట్టాలు కలిసే చోట లీవర్ లాగి ఇంజన్‌కి దారి మార్చే పని పాయింట్స్‌మన్‌ది. ఆ రోజు ఆ పనిలో ఉన్నది వెనక వరస ఛత్తీస్‌గఢీ మనిషి. అతన్ని ఉద్యోగంలోంచి తప్పించి ఇంట్లో కూర్చోబెట్టారు, విచారణ జరుగుతుందన్నారు. మా వరసలో విచారణ అప్పటికే అయిపోయింది. వాడు నిద్రపోయాడని ఒకరు, తాగాడని ఒకరు. చూసినవాళ్ళు ఎవరూ లేరు.

సంతాప సభ ఆదివారం సాయంత్రం, రైల్వేవాళ్ళ క్లబ్బు, ఇన్‌స్టిట్యూట్ ముందున్న మైదానంలో అన్నారు. ఆ పొద్దున నలుగురైదుగురు మగవాళ్ళు మా ఇంటికి వచ్చారు. ముందున్నాయన మా వారితో కలిసి పనిచేసే ఫిట్టరు. "గురువుగారూ, మీరు గట్టిగా మాట్లాడాలి. ఆ పాయింట్స్‌మన్ గాడు ఈ కాలనీలో ఉండకూడదు. మీరొక్క మాటంటే చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. మిగతాది అంటే ఏమిటో అందరికీ అర్థమైంది. వాళ్ళు వెళ్ళాక మామగారు పెరట్లోకి వెళ్ళారు గాని నోరు విప్పలేదు, చెయ్యి ఊపలేదు. కాసేపటికి వచ్చి గుమ్మంలో కూర్చుని, "ఏటి మాట్లాడాలమ్మా నేను?" అన్నారు. అంతటి మనిషి నన్ను అడిగేసరికి నాకు భయం వేసింది. పొద్దున కుళాయి దగ్గర చూసింది చెప్పాను. పాయింట్స్‌మన్ భార్య బిందె పట్టుకుని వచ్చింది. మా ఆడవాళ్ళు ఆవిడకి చోటు ఇవ్వలేదు. తిట్టనూ లేదు. ఆవిడ అక్కడ లేనట్టే ఒకరి తరవాత ఒకరు బిందెలు పెడుతూ పోయారు. ఆవిడ కొంతసేపు నిలబడి ఖాళీ బిందెతో వెళ్ళిపోయింది. "ఇంట్లో పొయ్యి కూడా వెలిగించినట్టు లేదు మామయ్యగారూ, వాళ్ళ చూరు మీద పొగ లేదు" అన్నాను. మామగారు లేచి చొక్కా తొడుక్కున్నారు. అన్నం కూడా తినకుండా ఎటో వెళ్ళారు.

సాయంత్రం మైదానం నిండిపోయింది. ఆడవాళ్ళం ఒక పక్క జంపఖానాల మీద కూర్చున్నాం. అందరికంటే ముందు ఫైర్‌మన్ తల్లి. ఏడ్చి ఏడ్చి ఇక నీళ్ళు రాని కళ్ళు. ఫిట్టరు లేచి చేతులు ఊపుతూ మాట్లాడాడు, మగవాళ్ళలో గోల బయల్దేరింది. తరవాత మామగారిని పిలిచారు. ఆయన మైకు దగ్గరికి వచ్చి వెనక్కి చూశారు. ఇన్‌స్టిట్యూట్ వరండా స్తంభం చాటున పాయింట్స్‌మన్ నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం మామగారు వెళ్ళింది అతని ఇంటికేనని అప్పుడు తెలిసింది. జనం చూసి ఒక్కసారిగా లేచారు. మా వారు కూడా లేచారు.

మామగారు గొంతు పెంచలేదు. తెలుగులో మొదలుపెట్టనూ లేదు. "భాయియో" అన్నారు. ఆ మైదానంలో ఆయన హిందీ వినడం అందరికీ అదే మొదలు. ఆఫీసులో ఎలాగో నెట్టుకొచ్చే ఆ హిందీలో ఆడా మగా కలిసిపోయేవి, సగం మాటకి తెలుగు తోక ఉండేది. మా ఇంట్లో ఆయన హిందీ అంటే నవ్వే. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు. పాయింట్స్‌మన్‌ని చెయ్యిపట్టి ముందుకు తెచ్చి, "యే భీ హమారా లడ్కా హై. ఇస్కా ఘర్ మే భీ చూల్హా నహీ జలా" అన్నారు. ఇతనూ మన పిల్లాడే, ఇతని ఇంట్లోనూ పొయ్యి వెలగలేదని. తప్పెవరిదో నాకు తెలియదు, మీకూ తెలియదు, తెలిసేదాకా ఇద్దరు పిల్లలు పోయినట్టు చెయ్యకండి అన్నారు. పోయిన కుర్రవాడి గురించి ఒకే మాట, జామకాయ కోసే ముందు అడిగేవాడని. అక్కడితో ఆపేశారు. ఎన్నో సభల్లో మేం విన్న ఆ గంటలాంటి గొంతు ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ఎంతోమందిని మురిపించిన తన తెలుగుని పక్కన పెట్టి, అందరూ అసహ్యించుకుంటున్న ఒక్కడికి అర్థం కావాలని, తనకి రాని భాషలో, అందరి ముందూ తడబడుతూ నిలబడ్డారాయన.

అప్పుడు ఫైర్‌మన్ తల్లి లేచింది. పాయింట్స్‌మన్ దగ్గరికి వెళ్ళింది. ఫిట్టరు అడ్డం రాబోతే చేత్తో పక్కకి జరిపింది. "ఆ పొద్దున్న మా వోడు ఏటైనా తిన్నాడేటి, బాబూ?" అంది. తెల్లారకుండానే డ్యూటీకి వెళ్ళిన కొడుకు ఆకలితో పోయాడేమోనని ఆవిడ బాధట. ఇన్ని రోజులూ ఎవరినీ అడగలేదు. అతనికి తెలుగు రాదు గాని ఆ ప్రశ్న అర్థమైంది. "బాసీ ఖాయిస్, దాయీ. మోర్ సంగ్ ఖాయిస్" అని, ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. బాసీ అంటే వాళ్ళ చద్దన్నం. అమ్మా, చద్దన్నం తిన్నాడు, నాతో కలిసి తిన్నాడు అని. ఆవిడకి ఎవరూ తెలుగులో చెప్పవలసిన అవసరం రాలేదు. కూర్చుని అతని తల మీద చెయ్యి వేసింది. మగవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. ఫిట్టరు మైకు వైపు వీపు తిప్పి నిలబడ్డాడు.

మర్నాడు కుళాయి దగ్గర పాయింట్స్‌మన్ భార్య బిందెకి మా అత్తగారు చోటిచ్చారు. వానాకాలంలో విచారణ తేలింది. లీవర్‌ని పట్టాలకి కలిపే తీగ ఎక్కడో తెగిందని, అతను లాగినా పట్టా కదల్లేదని తేల్చి, మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. కాని సభ నాటికి ఆ సంగతి ఎవరికీ తెలియదు. మామగారికీ తెలియదు. నన్ను అబ్బురపరిచేది అదే. ఆ సభ నుంచి ఇంటికి వస్తూ దారిలో, "హిందీ నిండా తప్పులే కదమ్మా?" అని సిగ్గుపడుతూ అడిగారు. అది ఏ రకం ఉపన్యాసమో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

అప్పట్లో మామగారు నా కళ్ళకి ఎంతో పెద్దవారు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ సాయంత్రం మైకు ముందు నిలబడ్డ మనిషి ఈనాటి మా పెద్దబ్బాయి కన్నా చాలా చిన్నవాడు. ఆయన వయసు దాటి ఇన్నేళ్ళు వచ్చేసినా, ఆయన వైపు ఇప్పటికీ తలెత్తే చూస్తున్నాను.