డైరీలో సున్నాలు

పోయినవాటిని ముందు రాస్తాను. పదకొండు నెలలు. ఐదు కిలోల బరువు. మూడు సీసాల లేహ్యానికి పోసిన డబ్బు. మా ఆవిడ నవ్వు. నలభై ఆరేళ్ల మగాడు పోగొట్టుకున్నానని ఎవరికీ చెప్పుకోలేని ఆ ఒక్కటీ. మొత్తం ఐదు పద్దులు.

అమీర్‌పేటలో మేడమెట్లెక్కితే చాలు ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటరు కనిపించే రోజులవి. అలాంటి మూడు సెంటర్లకు నేను లెక్కలు రాసేవాణ్ణి. డిగ్రీ లేదు, కొట్లో గుమాస్తా పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య. ఎక్కడైనా తేడా వస్తే, ఏ రోజుకారోజు రాసుకుంటూ పోతే దొరుకుతుందని నా నమ్మకం. ఒంట్లో తేడా వచ్చినప్పుడూ అదే చేశాను. అంగస్తంభన సరిగా ఉండడం లేదని తెలిశాక జేబు డైరీలో రాయడం మొదలుపెట్టాను. కుదిరితే ఒకటి, కుదరకపోతే సున్నా.

నా జీవితంలో చేసిన పెద్ద పొరపాటు ఆ డైరీయే. ఒక సున్నా వేస్తే మళ్లీసారికి భయం, ఆ భయానికి ఇంకో సున్నా. ఐదో నెల నుంచి ప్రయత్నం కూడా చేయకుండానే సున్నాలు వేసేశాను. ఆవిడ అడిగితే నడుంనొప్పి అన్నాను, ఆడిట్ అన్నాను, గోడవైపు తిరిగి పడుకున్నాను.

కోర్సుల పోస్టర్ల పక్కనే 'పురుషుల రహస్య సమస్యలు' అని చిన్న కాగితాలు అంటించి ఉండేవి. ఒకటి చించుకుని లక్డీకాపూల్‌లో ఒక లాడ్జి గదికి వెళ్లాను. పూర్తిగా మూలికలే అని చెప్పి లేహ్యం అమ్మాడు అక్కడి మనిషి. డైరీలో రెండు ఒకట్లు పడ్డాయి. వాటితో పాటు తల పగిలే నొప్పి. మూడో సీసాకు కళ్లు తిరగసాగాయి. నెలనెలా బీపీ మాత్రలు కొనే పంజాగుట్ట మెడికల్ షాపుకు వెళ్లి, యజమాని భాయ్‌కి సీసా చూపించాను.

"గీ జహర్ ఎవడిచ్చిండన్నా నీకు?"

"మూలికలన్నాడు భాయ్."

"మూలికలైతే గంటలోపట్నే పనిజేస్తదా? ఇందుల గా మగతనం గోలి నూరి కలిపిండు. నీ బీపీకి గిది తోడైతే సీదా ఐసీయూ." గొంతు తగ్గించాడు. "షరమ్ దేనికన్నా? సగం పంజాగుట్ట గీ ముచ్చట నా చెవులనే ఏస్తది. ముందుగాల డాక్టర్ దగ్గరికి పో, షుగర్ సుత చూపించుకో."

డాక్టరు దగ్గరికి వెళ్లకముందే, ఆదివారం పొద్దున చొక్కా తడిపేటప్పుడు డైరీ మా ఆవిడకు దొరికింది.

"ఎప్పటినుంచి ఈ మట్కా జూదం?" అంది.

"మట్కా ఏంటి?"

"పేజీల నిండా సున్నాలే. ఒకటి తగిలేదాకా ఆడుతూనే ఉన్నారన్నమాట! పుస్తెలైనా ఉంచుతారా, అవీ పెట్టేస్తారా? అన్నయ్యకు ఫోన్ చేశాను, ఎల్లుండి వస్తున్నాడు. నేను వెళ్లిపోతాను."

నిజంగానే బట్టలు సర్దేసింది. మట్కా అని ఒప్పేసుకుందామా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. సిగ్గు అంత చెడ్డది. చివరికి ఆ సున్నాలేమిటో చెప్పేశాను.

ఆమె తడి చేతులతోనే కుర్చీలో కూలబడింది. "నేనంటే మొహం మొత్తిందనుకున్నానండీ, ఇన్నాళ్లూ. లెక్క ఇద్దరిదైనప్పుడు ఒక్కరే ఎలా రాస్తారు?"

వాళ్లన్నయ్యకు రావద్దని ఫోన్ చేసింది. మర్నాడు డాక్టరు దగ్గరికి తనూ వచ్చింది. పరీక్షలో షుగర్ బయటపడింది. బరువు తగ్గింది దాంతోనేనట. సన్నటి రక్తనాళాలు ముందు చెడతాయి, ఇది గుండెకు ముందే వచ్చిన హెచ్చరిక అనుకోమన్నాడు డాక్టరు. షుగర్‌కు మందు రాశాడు, బీపీ మాత్ర మార్చాడు. సిగరెట్లు మానమన్నాడు. రోజూ ముప్పావుగంట నడక, అన్నం సగానికి సగం, ఏడు గంటల నిద్ర. డైరీ మూసేసి, ఏ పరీక్షా పెట్టుకోకుండా దగ్గరగా ఉండమని ఇద్దరికీ చెప్పాడు.

మందు మొదలుపెట్టిన నాలుగో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ ఏమీ అనుకోకుండానే, అంతా మామూలుగా జరిగిపోయింది. ఆమె నవ్వింది. ప్రతిసారీ అలాగే జరిగిందని చెప్పను, కానీ భయం మళ్లీ రాలేదు. ప్రకృతి వైద్యమంటే ఏమిటని ఎవరడిగినా ఇప్పుడు గట్టిగా చెబుతాను. నడక, నిద్ర, సిగరెట్టు మానడం, పెళ్లాంతో నిజం చెప్పడం. అవి చాలకపోతే డాక్టరు రాసే మాత్ర ఉంది, అందులో తప్పు లేదు. సీసాలు మాత్రం వద్దు.

మౌనంగా ఉన్న పదకొండు నెలలకు ఆమె మాఫీ ఇవ్వలేదు. రోజుకొకటి చొప్పున మూడు వందల ముప్పై నాలుగు సాయంత్రాలు తనతో కలిసి నడుస్తూ, ఏదీ దాచకుండా మాట్లాడాలని తీర్పు చెప్పింది. ఒకటి ఎగ్గొడితే రెండు కలుపుతుంది. ఏటా మార్చిలో సెంటర్ల లెక్కలు ముగించేటప్పుడు బాకీ పెరుగుతుంది, ఎండలు తగ్గాక తరుగుతుంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా వెళ్లి నిన్న కూడా ఒకటి తీర్చాను. ఇవాళ్టికి ఇంకా డెబ్బై రెండు సాయంత్రాలు బాకీ ఉన్నాను.