గుడ్డు జాగల రాయి

నాకు అనుమానం ఎక్కువ. పాల పాకెట్ వాసన చూడకుండా కాచను. ఆటో ఎక్కితే దిగేదాకా మీటరు మీద నుంచి చూపు తిప్పను. లెక్కల టీచర్ని కదా, పరీక్ష హాల్లో వరసల మధ్య తిరిగీ తిరిగీ బుద్ధిగా తలొంచుకుని రాసే పిల్లాడిని చూసినా ఒడిలో ఏం పెట్టుకున్నాడోనని వంగి చూడటం అలవాటైపోయింది. మా ఇంటి ఓనరు పెద్దమ్మ ఈ విద్యలో నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. నేను మోటరు వేస్తే ఆవిడ నీళ్ళ పైపుకు చెవి ఆనించి వినేది, ఎంతసేపు వేశానో తెలుసుకోవడానికి.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే ఒక గల్లీలో ఉంది ఆ పాత ఇల్లు. ముందు వైపు పెద్దమ్మ, ఆమె కొడుకు, కోడలు. వెనక రెండు గదులు మాకు కిరాయికి. మధ్యలో బండలు పరిచిన వాకిలి, ఓ మూల నీళ్ళు పట్టుకునే సిమెంటు హౌజు. వానలు మొదలైతే ఆ హౌజు చుట్టూ నత్తలే నత్తలు, కాలు పెట్టడానికి ఉండదు. ఒకసారి మా తమ్ముడు ఊరి నుంచి మూడు నాటు బాతుల్ని తెచ్చి వదిలాడు, ఒక మగది, రెండు ఆడవి. వారం తిరగకముందే నత్తలు మాయమయ్యాయి. అందుకే పెద్దమ్మ ఒప్పుకుంది. వాళ్ళు పాతకాలం వ్యాపారస్తులు, గుడ్డు పేరెత్తితే నోరు కడుక్కునే మనుషులు.

"బాతులుంటె ఉండనీ. గుడ్డు మాత్రం నా కంట్ల పడొద్దు" అంది.

బాతులకు ఆ మాట తెలియదు కదా. తెల్లవారేసరికి గుడ్డు ఒకనాడు మురుగు మోరీ పక్కన, ఒకనాడు మా చెప్పుల మధ్య, ఒకనాడు ఏకంగా హౌజు అడుగున. కొన్ని రోజులు ఒక్కటీ కనిపించేది కాదు. అప్పుడు నా చూపు ముందు గది తలుపు మీదికే పోయేది. "ఆమె గుడ్డే ముట్టదు కదనే" అని మా ఆయన నవ్వేవాడు. ముట్టనివాళ్ళు చీపురుతో తోసి పారేయరని ఏముంది? నేను మాత్రం నవ్వలేదు.

బాతుకు ఓ చోటు చూపిస్తే గుడ్లన్నీ అక్కడే పెడుతుందని, చీకటిగా, పొడిగా, నేలకు దగ్గరగా ఉండాలని మా అమ్మ ఫోన్లో చెప్పింది. మొజంజాహీ మార్కెట్లో పళ్ళ కొట్టతన్ని అడిగి ఆపిల్ పళ్ళ చెక్కపెట్టె ఒకటి తెచ్చాను. అందులో ఇంకా ఎండుగడ్డి ఉంది. దాన్ని మెట్ల కింద పెట్టాను. ఆడవాటిలో పెద్ద బాతు వచ్చి పెట్టె చుట్టూ తిరిగి, మెడ చాచి లోపల చూసి, గడ్డి కొంచెం లాగి వదిలేసి వెళ్ళిపోయింది. కిరాయికి ఇల్లు చూడటానికి వచ్చి, బాత్రూం తలుపు తీసి చూసి, ఏమీ చెప్పకుండా పోయే మనిషి తీరే.

సరే, ఇంకా బాగుచేద్దామని ఆదివారం కూర్చున్నాను. పురుగు పట్టకుండా వేపాకు, బూడిద. చీమలు రాకుండా అంచుల చుట్టూ పసుపు. లోపల చీకటి ఉండాలని పెట్టె ముందు పాత ఎర్ర జాకెట్ గుడ్డ వేలాడదీశాను. చివరగా గుండ్రటి రాయికి సున్నం పూసి గడ్డి మధ్యలో పెట్టాను. మా ఊళ్ళో కోళ్ళకు అలాగే పెట్టేవాళ్ళు. ఇక్కడ ఇంతకుముందే ఎవరో గుడ్డు పెట్టారు, భయం లేదు అని పక్షికి ధైర్యం చెప్పడానికి. ఆ రోజు అమావాస్య అని నాకు తట్టలేదు. ఆదివారం పూట వచ్చిన అమావాస్య.

ఆ మెట్ల పక్కనే పెద్దమ్మ కోడలి కిటికీ. ఆ అమ్మాయికి అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోది. మంచం దిగొద్దని దవాఖానలో చెప్పడంతో పొద్దస్తమానం ఆ కిటికీ దగ్గరే పడుకుని ఉండేది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ పెట్టెకూ ఆ కిటికీకీ మధ్య ఏదైనా సంబంధం ఉంటుందని ఊహించలేదు.

సాయంత్రం పెద్దమ్మ కేక విని పరుగెత్తాను. గుడ్డ పైకెత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంది టీచరమ్మా గిది? ఎవ్వరి మీద చేసినవ్?"

"బాతు కోసం పెద్దమ్మా. గుడ్లు పెట్టుకుంటదని."

"బాతుకు పసుపెందుకు?"

"చీమలు రాకుండ."

"ఎర్రగుడ్డ?"

"చీకటుండాలని."

"అమాస నాడే కావల్సొచ్చిందా చీకటి? మరి లోపల గా గుడ్డు ఎక్కడిది?"

"గుడ్డు గాదు పెద్దమ్మా. రాయి. సున్నం పూసిన."

అప్పటిదాకా కోపంగా ఉన్న మొహం ఒక్కసారిగా పాలిపోయింది. "గుడ్డు జాగల రాయి పెడ్తవా?" అంది, గొంతు బాగా తగ్గించి. "నా కోడలి కిటికీ కింద, గుడ్డు జాగల రాయి పెడ్తవా?"

చేతబడి చేశానని ఒక మనిషి నన్ను మొహం మీదే అంటుంటే ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ మాట ఆమె నోట విన్నాక ఆ తెల్లరాయిని చూస్తే నాకే భయమేసింది. గుడ్డ పీకేసి, రాయి తీసుకుపోయి గల్లీ చివర పడేసి వచ్చాను. వచ్చేసరికి పెద్దమ్మ వాకిలంతా కడుగుతోంది.

"బాతులను పంపెయ్. నెల కాంగనే మీరు గూడ వేరే ఇల్లు చూసుకోండ్రి" అంది, తలెత్తకుండా.

మా ఆయన సర్దిచెప్పబోతే అతనితోనూ మాట్లాడలేదు. తమ్ముడు వచ్చి బాతుల్ని తీసుకుపోతానన్నాడు. తీరా వచ్చిననాడు రెండే దొరికాయి. పెద్ద బాతు లేదు. నాకు ఎవరి మీద అనుమానం వచ్చిందో చెప్పక్కర్లేదు. వాకిలంతా వెతుకుతుంటే కోడలి కిటికీలోంచి చిన్నగా చప్పుడు వినిపించింది.

"ష్, అక్కా. కింద జూడు. లేపకు."

కిటికీకి బయట ఇనప స్టాండు మీద పాడైపోయిన కూలర్ ఉంది. స్టాండు కింద పాత గడ్డి పలకలు పేర్చి పడేసి ఉన్నాయి. వాటి వెనక బాతు కూర్చుని ఉంది. కూలర్ గడ్డిని ముక్కుతో పీకి, తన రొమ్ము ఈకలు కలిపి గూడు కట్టుకుంది. మాయమైన గుడ్లు మాయం కాలేదు, ఇక్కడున్నాయి. నేను దగ్గరికి పోతే బుస్సుమంది. నేను పసుపూ వేపాకూ పెట్టి కట్టిన ఇల్లు కాదని, ఎవరూ చూపించని ఈ చోటు చూసుకుంది.

"నేను ముందునుంచి చూస్తున్న. అత్తమ్మకు తెలిస్తే ఎల్లగొడ్తదని చెప్పలే" అంది ఆ అమ్మాయి.

నా వెనక నిలబడి ఉన్న పెద్దమ్మ అంతా వింది. నేను వాదనకు సిద్ధమయ్యాను. ఈలోపు కోడలే అంది. "దాన్ని కదిలించొద్దు అత్తమ్మా. అది నా లెక్కనే పడుకున్నది. దాని పిల్లలన్నీ మంచిగ బయటికొస్తె నాకు గూడ మంచిగ అయితదని మొక్కుకున్న. ఒక్కటి గూడ పోవద్దు."

పెద్దమ్మ లోపలికెళ్ళి గోనెసంచి తెచ్చి, వాన తగలకుండా స్టాండు మీద కప్పింది. పందికొక్కులు రాకుండా పక్కన ఇటుకలు పేర్చింది. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పెట్టింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"బాతు లేచేదాంక ఉండుండ్రి. నీ మీద నమ్మకంతోని గాదు. దాని మీద."

మిగతా రెండు బాతుల్నీ తమ్ముడు తీసుకుపోయాడు. అప్పటినుంచి ఇద్దరం కాపలా. బాతుకు ఆమె కాపలా, ఆమెకు నేను కాపలా. నేను నూకలు వేస్తుంటే చేతిలో ఇంకేముందోనని ఆమె చూసేది. ఆమె గిన్నె కడుగుతుంటే ఆ నీళ్ళేం చేస్తుందోనని నేను చూసేదాన్ని. ఒక పొద్దున బాతు తినడానికి లేచినప్పుడు లెక్కపెట్టాను. తొమ్మిది.

"ఎన్నున్నయక్కా?" అని కిటికీలోంచి అడిగింది కోడలు.

అన్నీ పిల్లలు కావు. కోళ్ళకైనా బాతులకైనా ఒకటీ అరా మురిగిపోవడం మామూలే. ఊళ్ళో పెరిగిన నాకు తెలుసు, మొక్కుకున్న ఆ పిల్లకు తెలియదు. "పొదిగే గుడ్లు లెక్కపెట్టొద్దమ్మా" అని తప్పించుకున్నాను. పెద్దమ్మ నన్ను హౌజు దగ్గరికి పిలిచి అదే అడిగింది. ఆమెకు చెప్పాను. నమ్మలేదు. మర్నాడు తనే వంగి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, వేలుతో చూపిస్తూ లెక్కపెట్టుకుంది.

పిల్లలు బయటపడే రోజులు దగ్గరపడేకొద్దీ నాకు నిద్ర పట్టేది కాదు. ఇల్లు ఖాళీ చేయడం గురించి కాదు. ఆ అమ్మాయి ఆ గుడ్ల మీద పెట్టుకున్న ఆశ తలుచుకుని.

ఒక పొద్దున కీచు గొంతులతో చిన్న చిన్న అరుపులు వినిపించి బయటికి వచ్చాను. వాకిట్లో బాతు నడుస్తోంది, వెనకే పసుపూ నలుపూ కలిసిన పిల్లలు. లెక్కపెట్టాను. ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను. అంతలో కూలర్ స్టాండు దగ్గర నుంచి పెద్దమ్మ లేచింది. చెయ్యి కొంగు కింద దాచుకుని, గోడవారగా నడుచుకుంటూ వాకిలి చివర తులసి కోట వెనక్కి పోయింది. వంగి మట్టి తవ్వి, కొంగు కిందనుంచి ఒక గుడ్డు తీసి పూడ్చింది. నేను మొదటినుంచీ అనుకున్నది చివరికి నిజమైంది. పెద్దమ్మ గుడ్డు దొంగే. జన్మలో గుడ్డు ముట్టని మనిషి.

లేచి ఇటు తిరిగేసరికి నేను కనిపించాను. చేతులకు మట్టి. చూసేశావా అన్నట్టు నా వైపు చూసింది, ఎప్పటి చూపే.

కిటికీలో కోడలు మోచేతుల మీద కొంచెం లేచింది. "అన్నీ అయినయా అత్తమ్మా?"

"అన్నీ అయినయి బిడ్డా."

"నువ్వు నా కోసమని అట్లనే అంటవు. అక్కా, నువ్వు చెప్పు. ఎన్ని గుడ్లుండె?"

ఆ అమ్మాయి నా వైపు చూస్తోంది. పెద్దమ్మ కూడా నా వైపే చూస్తోంది.

"ఎనిమిది గుడ్లమ్మా. ఎనిమిది పిల్లలు" అన్నాను.

"ఇన్నవా? లెక్కల టీచరు, ఆమె లెక్క తప్పది" అంది పెద్దమ్మ, చేతులు కడుక్కోవడానికి హౌజు వైపు నడుస్తూ.