ఎండకు ఆరబెట్టిన డకోటా

కూసోండ్రి, చాయ్ చల్లారకముందే చెప్త. విమానాలు కూలుతయని విన్నం, దారి తప్పుతయని విన్నం. మొన్న నా విమానానికి పట్టిన గతి మాత్రం ఈ భూమ్మీద ఇంకే విమానానికీ పట్టి ఉండదు. పట్టిందని ఎవరన్న రుజువు చేస్తే మీసం తీసేస్త. నవ్వేదుంటే ఇప్పుడే నవ్వుండ్రి, మధ్యల నవ్వితే నాకు కథ తప్పిపోతది.

నా సంగతి మీకు ఎరుకే. బళ్లె డ్రాయింగ్ మాస్టర్‌ని. పిల్లలకు కుండ, అరటిపండు గీసి చూపిచ్చుడు నా ఉద్యోగం. గీస్తుంటేనే మనసు ఎటో పోతది. కుండ గీద్దామని మొదలుపెడితే దాని మూతి మీద మబ్బులొస్తయ్, మబ్బుల మీద పిట్టలొస్తయ్, గంట కొట్టేసరికి కుండకు అడుగు ఉండదు. మా రూత్ దవాఖానల నర్సు. ఆమె గడియారం చూసుకొని బతికే మనిషి, నేను కిటికీల నుంచి చూసుకుంట బతికే మనిషిని.

మా పెండ్లి ఆమె ఊరు కొత్తకోటల అయింది. తెల్లారి బస్సెక్కి పట్నం దాక నిలబడే వచ్చినం. అక్కడ బస్సు మారి నల్లగొండ తొవ్వ పట్టినం. చౌటుప్పల్ దాటంగనే ఆ బస్సు ఆగిపోయింది. డ్రైవర్ బానెట్ లేపి లోపటికి తొంగిచూసుడే గని చేసుడేం లేదు. రోడ్డు పక్కన ఆమె ట్రంకుపెట్టె మీద ఇద్దరం కూసున్నం. పెండ్లి చీర మీద ఇంత దుమ్ము. కొత్త చెప్పులు కరిచి ఆమె మడిమెలు బొబ్బలెక్కినయ్. అప్పుడే పైనుంచి ఒక విమానం పోయింది, తెల్లగ, ఏ తొందర లేకుంట. కండ్లకు ఆనినంతసేపు తలెత్తి చూసింది రూత్. ఆ మొఖం చూసేసరికి నా నోట్లకెల్లి మాట జారింది.

"రూతూ, ఒకనాడు నిన్ను గసుంటి విమానంల కూసోబెడ్త."

"నిజంగనా?"

"నిజంగ."

మాస్టర్ జీతంల విమానం ఎక్కుడు అయ్యే పనేనా? ఇన్నేండ్లల్ల ఆమె ఒక్కనాడు అడగలే. అడిగినా బాగుండు, ఏదో చెప్పి తప్పిచ్చుకుందును. కానీ ఇంట్ల నేను సగంల విడిచిన పని కనబడ్డప్పుడల్ల, సగం గీసిన గోడ బొమ్మ గానీ, కాలు అతకని కుర్చీ గానీ, ఒకటే మాటంటది: "మీరు మొదలుపెట్టే మనిషి." కోపంగ అనదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంటది. ఈసారి మా పెండ్లిరోజుకు ఒక్కటంటే ఒక్కటి మొత్తం చేసి ఆమె చేతుల పెట్టాలె అనుకున్న. అదీ విమానమే.

బళ్లె పాత సామాను గదిల ఒక క్యాలెండర్ దొరికింది. దాని మీద డకోటా బొమ్మ. మనం గుంజలేని బస్సునల్ల డకోటా అని తిడతం గని, ఒకప్పుడు జనాన్ని ఎక్కిచ్చుకొని తిరిగిన ఆ విమానాన్ని జర మంచిగ చూడాలె. రెండు ఇంజన్లు, గుండ్రటి ముక్కు, తోక కింద ఒక చిన్న చక్రం. ఆ చక్రం వల్ల నేల మీద నిలబడ్డప్పుడు గూడ ముక్కు ఆకాశం దిక్కే ఉంటది. ఇది నా జాతే అనుకున్న. బొమ్మల తలుపు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నడు. ఆయన అయిదున్నర అడుగులు ఉంటడని పట్టుకొని మిగతదంత స్కేలు పెట్టి లెక్కగట్టిన. అడుగుకు అర అంగుళం చొప్పున ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు నాలుగడుగులు తేలింది.

ఎట్ల చేస్తవంటరా? క్రిస్మస్ స్టార్ చేసినట్టే. మా నాయిన కాలం నుంచి యేటేటా మా ఇంటి మీద వేలాడే స్టార్ మేమే చేసుకుంటం. వెదురు బద్దలు సన్నగ చీరి, దారంతోని బిగించి, మీద పల్చటి కాగితం అతికించుడు. అతికేది మైదాపిండి ఉడకబెట్టిన లై. దాంట్ల జర బెల్లం వేస్తే కాగితం బిగుసుకపోతదని నాయిన చెప్పిన కిటుకు. ఆ విద్యంత విమానానికి పెట్టిన. ఒక్కొక్క పక్కటెముక వంచుతుంటే ఈలోకంల ఉన్ననా ఏందా అనిపించేది. బల్ల మీద వెదురు వంగేది, నేను మబ్బుల మీద నడిచేది.

కిటికీలకు అద్దాలు కావాలె. దవాఖానల పారేసే ఎక్స్‌రే ఫిలింలు రూతే తెచ్చిచ్చింది. బ్లీచింగ్ నీళ్లల్ల కడిగితే నలుపంత పోయి అద్దమైతయ్. ఒక్కటి మాత్రం సరిగ్గ పోలే. తోక దగ్గరి కిటికీల ఎవరిదో అరచెయ్యి బొక్కలు లీలగ మిగిలినయ్, లోపట ఎవరో కూసొని టాటా చెప్తున్నట్టు. ముద్దుగనే ఉన్నదని అట్లనే ఉంచిన.

"విమానమేనా?" అని రూత్ అడిగింది. నాలుగడుగుల రెక్కలున్నదాన్ని ఇంట్ల ఏడ దాస్త?

"చూస్తుండు" అన్న.

"చూస్తనే ఉన్న" అన్నది. 'పెండ్లయినకాడికెల్లి' అని అనలే గని, అన్నట్టే వినబడ్డది.

లోపట అట్టముక్కలతోని సీట్లు, వాటికి ఎర్ర గుడ్డ. చర్చిల మిగిలిన క్యాండిల్ ముక్క కరిగించి ఒక బుల్లి రూత్‌ను చేసిన. తెల్ల చీర, తెల్ల టోపీ, ముక్కు మీద జర కోపం. కిటికీ పక్కన కూసోబెట్టిన. మైనం ఆమెకే సరిపోయింది. నన్ను మాత్రం కాగితం ముద్దజేసి, లైతోని మెత్తి, ముందట పైలట్ సీట్ల పెట్టిన. టికెట్ కొని ఎక్కిచ్చే తాకత్ లేకుంటే పాయె, నడుపుకుంట తీస్కపోత గద.

చక్రాలకు ట్యూబు ముక్కలిచ్చింది పక్కింటి ఖాజా భాయ్. సైకిల్ దుకాణం ఆయనది. బక్రీద్ కోసం ఒక మేకపోతును పెంచుతున్నడు, పేరు నవాబు. శెనిగపొట్టు, జొన్నలు పెట్టి కొడుకు లెక్క సాదుతున్నడు. రోజూ కడిగి, దువ్వి, ఎండకు నిలబెడతడు.

పెండ్లిరోజు ఆదివారం పడ్డది. రూత్ పొద్దుగాల్నే డ్యూటీకి పోయింది, పగటికి వస్తది. నేను చర్చి ఎగ్గొట్టి ఆఖరి కాగితం అతికించిన. జరిగినదానికంతకు అదే కారణమని మా పాస్టర్ అంటడు. ఆయన అంటనే ఉంటడు. ఇగ తడి ఆరితే వెండిరంగు పుయ్యుడే మిగిలింది. ఇంట్ల చెమ్మ, బయట మంచి ఎండ. వాకిట్ల నులక మంచం వేసి దాని మీద విమానాన్ని పెట్టిన.

గీడ మీరు నన్ను తిడతరు. తిట్టుండ్రి. గోడల మీద సినిమా పోస్టర్లను మేకలు పీక్కతినుడు మనం రోజూ చూస్తం. అవి తినేది బొమ్మను గాదు, వెనకున్న లైని. ఆ సంగతి నాకు తెల్వదా? తెలుసు. కానీ మా ఇంట్ల స్టార్ అతికించుడు కాంగనే దూలానికి వేలాడదీస్తం, అది ఆడనే ఆరతది, ఆడికెల్లే పైకెక్కుతది. లై పూసినదాన్ని మేకకు అందే ఎత్తుల పెట్టుడు మా ఖాన్‌దాన్‌ల ఇదే మొదటిసారి. పోస్టర్ లై, నా లై ఒకటేనని బుర్రకు తట్టనే లే. పైంగ నాదాంట్ల బెల్లమాయె.

నా ఫికరంత కాకుల మీద. తోకకు ఒక దారం కట్టి, రెండో కొస నా కాలి బొటనవేలుకు ముడేసుకున్న. కాకి వాలితే తెలుస్తది గద. మంచం పక్కన నేల మీద చాప పరుచుకొని ఒరిగిన. ఇగ చూడుండ్రి, మంచం దాటి బయటికొచ్చిన రెక్క సరిగ్గ నా మొఖం మీదికి వచ్చింది. దాని వెనక ఆకాశం. మబ్బులు ఒకదాని వెనకొకటి మెల్లగ జరుగుతున్నయ్. చూడంగ చూడంగ మబ్బులు ఆగిపోయి రెక్కనే నడవబట్టింది.

లేచింది విమానం. మా ఇంటి పెంకులు కిందికి పోయినయ్, నల్లగొండ గుట్టలు పండుకున్న బర్రెల లెక్క కనబడ్డయ్. పానగల్ గుళ్లు అగ్గిపెట్టెలంత అయినయ్. వెనక రూత్, ముందట నేను. ఎక్కడికని ఆమె అడగలే, నేను చెప్పలే. పోతనే ఉన్నం. చౌటుప్పల్ తొవ్వ మీద ఒక బస్సు ఆగి ఉన్నది. రోడ్డు పక్కన పెట్టె మీద ఇద్దరు కూసున్నరు, అండ్ల ఒకామె తలెత్తి మా దిక్కే చూస్తాంది. చెయ్యి ఊపుదామనుకున్న.

అప్పుడు కుదుపు మొదలైంది.

"ఏమైతాంది?" అని వెనకకెల్లి రూత్ గొంతు.

"మబ్బులు రూతూ. జర కుదుపుంటది, భయపడకు."

ఇంజన్ కరకర చప్పుడు చేస్తాంది. కొత్త చప్పుడే. కాలు కింద ఏదో గుంజుతాంది, బ్రేకనుకొని గట్టిగ తొక్కిన. మళ్ల గుంజింది. మళ్ల తొక్కిన.

"ఎందాక పోయిండ్రు?" అన్నది రూత్. ఈసారి గొంతు వెనకకెల్లి గాదు, పైకెల్లి వచ్చింది.

కండ్లు తెరిస్తే నా మొఖం మీద ఒక గడ్డం. గడ్డం పైన నవాబు మొఖం, ఆ మూతిల నా కుడి రెక్కది ఆఖరి వెదురు పుల్ల. పక్కన గొడుగు పట్టుకొని రూత్. నా బొటనవేలికి దారం ఉన్నది, దారం కొసకు తోక లేదు.

ఖాజా భాయ్ తువ్వాల పట్టుకొని ఉరికొచ్చిండు. "కడిగి ఇట్ల తిరిగిన సార్, అంతల్నే మాయమైండు. ఏమన్న తిన్నడా?"

"తిన్నడు."

"ఏం తిన్నడు?"

"విమానం."

ఆయన నన్ను చూసిండు, రూత్‌ను చూసిండు, నవాబును చూసిండు. "పూరానా?"

"రెండు రెక్కలు, తోక, ముందటి క్యాబిన్."

"రంగు గిట్ల పూసినవా సార్? రంగుల జహర్ ఉంటది, పానానికే ముప్పు."

"ఇంక పుయ్యలే."

"అల్లా దయ" అని నవాబు కడుపు నిమిరిండు. అప్పుడు మంచం మీద మిగిలింది చూసి ఆయన మొఖం చిన్నబోయింది. "మీ మెహనత్ అంత పాయె గద సార్" అని తువ్వాలతోని నవాబును ఒక్కటి వేసిండు.

"కొట్టకు భాయ్" అన్నది రూత్. "అది మేక. ఆకలైంది, తిన్నది. కావలున్నాయనను అడగాలె."

నాకు నవ్వు రాలే. నిజం చెప్త, ఏడుపే వచ్చింది. ఇన్ని దినాలకు ఒక్కటి కొస దాక తెస్తే అది గూడ సగమే మిగిలె.

రూత్ గొడుగు మడిచి మంచం దగ్గర కూసున్నది. నడుమ భాగాన్ని చేతులల్లకు తీసుకొని ఒక్కొక్క కిటికీల చూసుకుంట వచ్చింది. ఒక కిటికీ దగ్గర ఆగింది. ఎండకు మైనం మెత్తబడి లోపటి మనిషి తల అద్దానికి ఆనుకున్నది, కిందికి తొంగిచూస్తున్నట్టు.

"ఇది ఎవలు?"

"నువ్వే."

చానసేపు చూసింది. "మరి మీరేరి?"

"ముందట. నేనే నడుపుతుంటి."

ముందట చూసింది. ముందట గాలి తప్ప ఏం లేదు. నవాబు ఇంక నములుతనే ఉన్నడు.

"పైలట్ పండుకుంటే గట్లనే అయితది" అని విమానాన్ని ఎత్తుకొని లోపటికి పోయింది.

"ఈసారి సగంల విడువలే రూతూ" అన్న ఆమె వెనక పోయి. "రంగొక్కటే తక్కువ."

"ఎరుకే" అన్నది. బీరువా మీద గడియారం పక్కకు జరిపి ఆ జాగల విమానాన్ని పెట్టింది. ఆమె గడియారం జరుపుడు నేను ఎన్నడు చూడలే. కానీ తెల్లారి దవాఖానల అందరికీ మా ఆయనను మేక తిన్నదని చెప్పింది. నేను బజారుకు పోతే జనం పానం ఎట్లుందని అడుగుతున్నరు.

ఇగ మొన్న బక్రీద్ అయింది. ఖాజా భాయ్ యేటా మా ఇంటికి వాటా పంపుతడు, ఈసారి జర ఎక్కువే పంపిండు. రూత్ మసాల నూరి వండింది. ప్లేటు ముందట పెడితే నా చెయ్యి లేస్తలేదు. ఆమె మాత్రం మంచిగ కలుపుకొని తిన్నది, మళ్ల వడ్డిచ్చుకున్నది.

"విమానం ఎక్కిస్తనన్నరు" అన్నది బొక్క చీకుకుంట. "ఎక్కియ్యలే. తినిపిచ్చిండ్రు. పోనీ, ఒక్క మాటన్న కొసకొచ్చింది."

ఇగ తినక తప్పుతదా? కండ్లు మూసుకొని నేను గూడ ఒక ముక్క నోట్ల పెట్టుకున్న. గిన్నెల ముక్కలన్ని వెన్న లెక్క ఉడికినయట, రూత్ చెప్పింది. నాకొచ్చిన ముక్క ఒక్కటే సగం ఉడికింది. పైలటే అయ్యుంటడు.