పుల్లలచెరువు వైపు పల్లెలో వినపడ్డ హారన్

దయ్యాల కథ చెబుతున్నానని ముందే నవ్వకండి. మీకంటే ఎక్కువ నవ్వినవాణ్ని నేను. వైర్లతో పని చేసేవాడికి దయ్యాలతో ఏం పని? దానంతటది వెలిగిన దీపమైనా, దానంతటది మోగిన హారనైనా, ఎక్కడో వైరు మీది రబ్బరు ఊడి ఇనుముకు తగులుతోందని చెప్పేవాణ్ని. చెప్పడమే కాదు, చూపించేవాణ్ని కూడా.

అప్పట్లో నేను మార్కాపురంలో ఒక మిషన్ ఆసుపత్రిలో డ్రైవర్ని, మెకానిక్‌ని. యుద్ధం అయిపోయింది, తెల్లదొరలు ఇంకా వెళ్ళలేదు. మిలిటరీవాళ్ళు వదిలించుకున్న పాత మోటారు సైకిలు ఒకటి, పక్కన తొట్టితో సహా ఆసుపత్రికి వచ్చింది. మద్రాసులో చదివొచ్చిన మా డాక్టరమ్మను ఆ తొట్టిలో కూర్చోబెట్టుకుని పల్లెలన్నీ తిప్పేవాణ్ని. జనం దాన్ని ఫట్‌ఫటి అనేవాళ్ళు.

ప్రతి ఊరి ముందరా కల్వర్టు దగ్గర రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా హారన్ కొట్టడం నా అలవాటు. అది వినగానే చేలల్లో ఉన్నవాళ్ళు పనులాపి చర్చి ముందుకు వచ్చి కూర్చునేవాళ్ళు.

ఫట్‌ఫటి వైర్ల మీద రబ్బరు పెళుసై రాలిపోయేది. కొత్త వైరు ఎక్కడా దొరకదు. నల్లమల చెంచులు సంతకు తెచ్చే తేనెమైనం కరిగించి, అందులో గుడ్డపీలికలు ముంచి వైర్లకు చుట్టాను. చలికాలమంతా భేషుగ్గా నడిచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎండలు ముదిరితే మైనం కారుతుందన్న సంగతి మాత్రం ఈ బుర్రకు తట్టలేదు.

ఒకరోజు ఆసుపత్రి వాకిట్లో ఎవరూ ముట్టుకోకుండానే హారన్ మోత మొదలైంది. రోగులు మంచాలు దిగి పరుగో పరుగు. నేను పడీపడీ నవ్వి, హారన్ ఊడదీసి, షెడ్డులో మేకుకు తగిలించాను. తీరిగ్గా బాగుచేయొచ్చులే అనుకున్నాను. మిగతా వైర్ల జోలికే పోలేదు.

ఆ వారమే మా చెల్లెలు రూతమ్మకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. ఆమెను పుల్లలచెరువు వైపు ఒక పల్లెలో ఇచ్చాము. తొలి కాన్పు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని డాక్టరమ్మ అంతకుముందే చూసి, నొప్పులొస్తే కబురు పెట్టండి, బండిలో కుదిపి మాత్రం తేవద్దు, మేమే వస్తామని గట్టిగా చెప్పి ఉంది. ఇద్దరం వెంటనే బయల్దేరాము.

సగం దారి దాటాక ఫట్‌ఫటి చప్పున ఆగిపోయింది. నిలబడదామంటే నీడ లేదు. పెట్రోలు చూశాను, వస్తోంది. ప్లగ్గు విప్పి ఇంజను మీద ఆనించి కిక్కు కొట్టాను, నిప్పురవ్వ లేదు. ఆ రవ్వకు కరెంటు పుట్టించే మాగ్నెటోయే పోయిందనుకుని నా ప్రాణం జారిపోయింది. దాన్ని విప్పి, తుడిచి, బిగించి, మళ్ళీ విప్పాను. రూతమ్మే కళ్ళ ముందు కదులుతోంది.

"దేవదానం, పన్నెండయింది. కంగారుపడకుండా ఒక్కో వైరూ చూడు," అంది డాక్టరమ్మ వాచీ చూసుకుని.

ఒక్కోటీ చూస్తూ పోతే చాలాసేపటికి తట్టింది. ఇంజను ఆపడానికి హ్యాండిలు మీద ఒక బొత్తాం ఉంటుంది. అది నొక్కితే మాగ్నెటో కరెంటు బండి ఇనుములోకి పోయి ఇంజను ఆగుతుంది. ఆ బొత్తాం వైరును వేలితో తడుముతూ పోయాను. ట్యాంకు కింద మైనం కారిపోయి, రాగితీగ ఇనుముకు అతుక్కుని ఉంది. ఎవరో బొత్తాం నొక్కి పట్టుకున్నట్టే లెక్క. ఆ వైరును మాగ్నెటో దగ్గరే పీకేశాను. ఒక్క కిక్కుకు అందుకుంది.

పల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. చర్చి ముందు జనం కూర్చుని ఉన్నారు. మా చెల్లెలి మొగుడు ఏలియా ఎదురొచ్చి నా మీద విరుచుకుపడ్డాడు.

"హారన్ కొట్టి ఇంతసేపేంది బావా? ఏడ పోయినావు?"

డాక్టరమ్మ లోపలికి పరిగెత్తింది. ఏ హారనురా అని అడిగాను.

"మిట్టమధ్యాహ్నం దాకా చూసినాం. ఇంక మీరు రారనుకొని ఎద్దుల బండి కట్టి, రూతమ్మను గడ్డి మీద పండబెట్టినాం. కదిలే ముందర నీ హారన్ మోగె. అట్లనే ఎద్దుల్ని ఇప్పేసినాం."

వాళ్ళు పోబోయింది అడవి వారగా మార్కాపురానికి అడ్డంగా పోయే బండ్లబాట. మేము వచ్చింది కంకర రోడ్డు. వాళ్ళు గనక కదిలి ఉంటే ఎదురుపడేవాళ్ళమే కాదు.

ఏలియాను ఫట్‌ఫటి దగ్గరికి లాక్కుపోయి హారన్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉండడం చూపించాను. జనాన్ని ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. అందరిదీ అదే మాట. ఇద్దరైతే కల్వర్టు దాకా పోయి చూశారట. దుమ్ములో చక్రం జాడైనా లేదట.

చీకటి పడేలోపు మగబిడ్డ పుట్టాడు. బండిలో కుదుపులు పడి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ చెమట తుడుచుకుంటూ చెప్పింది. నేను బావురుమని ఏడ్చాను, సంతోషంతోనే. ఆ పూట వాళ్ళు పెట్టిన జొన్నసంకటి, కోడికూర అంత రుచిగా మళ్ళీ ఎక్కడా తినలేదు.

మార్కాపురం వచ్చి చూస్తే షెడ్డుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. హారన్ మేకుకే వేలాడుతోంది. ఎండకు చెవులు భ్రమపడతాయంది డాక్టరమ్మ. ఊరందరి చెవులూ ఒక్కసారేనా అమ్మా అన్నాను.

బిడ్డకు పేరు పెట్టిన రోజున రూతమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఇంక నావల్ల కాదు, సచ్చిపోతానేమో అనుకున్నా అన్నా. హారన్ ఇనపడినాక, మా అన్న వచ్చినాడులే, నాకేం కాదులే అని పండ్లు బిగబట్టి ఓర్చుకున్నా," అంది.

ఆమెకు ఆ ధైర్యం ఇచ్చింది నేను కాదు. ఆ వేళకు నేను నడిరోడ్డు మీద మాగ్నెటో ముందేసుకుని చేతకాక కూర్చుని ఉన్నాను. మరి ఎవరిచ్చారంటే, ఈనాటికీ నాకు తెలియదు.