యొర్దాను ఎక్స్‌ప్రెస్ జయరాజు

జయరాజు జీవితంలో పాడిన ఒకే ఒక్క ఆల్బం పేరు ‘యొర్దాను ఎక్స్‌ప్రెస్’. అందులో వాన అన్న మాట ఎక్కడా లేదు. మబ్బు లేదు, మెరుపు లేదు, నోవహు ఓడ లేదు. రైలు కూతతో మొదలయ్యే పాట ఒకటి, బైబిల్లో చెట్టెక్కిన జక్కయ్య మీద ఒకటి, గాడిద మీద ఒకటి. చేప కడుపులో యోనా పాడుకునే పాట కూడా ఉంది కానీ, అందులో సైతం సముద్రం ప్రసక్తి రాదు. అంత పొడి ఆల్బం ఈ అనంతపురం జిల్లాలో తప్ప ఇంకెక్కడా పుట్టదు.

సోమందేపల్లె దాటినాక హైవే పక్కన అతనికి బోరు మోటార్లు వైండింగ్ చేసే షెడ్డు ఉండేది. పగలంతా రాగితీగ చుట్టేవాడు, సాయంత్రం గిటారు తీసేవాడు. తొంభైల మొదట్లో చర్చిలో అందరూ డోలకూ తాళాలతో పాడుకుంటుంటే, దేవుడికి మాత్రం డిస్కో వినే యోగం లేదా అని పట్టుబట్టి, స్నేహితులను వెంటేసుకుని మద్రాసు పోయి కాసెట్ చేయించుకొచ్చాడు. అట్ట మీద బొమ్మలో నల్లద్దాలు, తెల్ల బూట్లతో రైలింజనుకు ఆనుకుని నిలబడి ఉంటాడు. ఇంజను అతనిది కాదు, బూట్లూ అతనివి కావు.

దాన్ని మొదటిసారి వేసింది చర్చి మిద్దె మీద, మైక్‌సెట్ ఈరన్న హారన్లలో. కొత్తగా కాపురానికొచ్చిన అతని పెళ్లాం రూతు ముందు వరసలో కూర్చుంది. రెండో పాట సగంలో ఉండగా, ఆ ఏడాదంతా రాని వాన ఒక్కసారిగా దిగింది. జనం చెల్లాచెదురయ్యారు. రూతు ఇంటి మీద ఎండబెట్టిన మిరపకాయలకోసం పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి జయరాజు యాంప్లిఫయర్ మీద గొడుగు పట్టుకుని నిలబడి, తాను మాత్రం ముద్దయి ఉన్నాడు. పాటలు ఎట్లుండాయని అడిగాడు. సగం మిరపకాయలు పోయినాయని చెప్పింది.

ఒకసారైతే పోనీ అనుకోవచ్చు. రూతు చెల్లెలి పెళ్లిలో వేస్తే పందిరి కూలింది. మడకశిర బస్సులో డ్రైవరు సరదాగా వేస్తే వంక పొంగి బస్సు అవతల ఒడ్డునే నిలిచిపోయింది. కాపీ తీద్దామని కూర్చున్న ఈరన్న ఇంటి మిద్దె కారింది. అది తుపాను వానని, రేడియోలో ముందే చెప్పినారని జయరాజు వాదించేవాడు. రేడియోకు నువ్వే ముందుగా చెప్పింటావులే అని ఊరు నవ్వేది. అమ్ముడుపోని కాసెట్ల టేపు ఊడదీసి అప్పటికే పిట్టల్ని బెదిరించడానికి చేన్లలో కట్టేసి ఉన్నారు. చివరికి బాగున్నది ఒక్కటే మిగిలింది.

ఆ ఒక్కదానికి ఊరు కట్టుబాటు పెట్టింది. కారణం లేకపోలేదు. ఒక ఏడు వేరుశనగ పీకి కుప్పలు వేసి ఉండగా ఎవరో ఆ కాసెట్ వేశారు. కుప్పల్లోనే కాయలు మొలకెత్తినాయి, మేతకు దాచుకునే వేరుశనగ కట్టె నల్లబడి గొడ్లు మూతి పెట్టలేదు. అప్పట్నుంచి పంట పీకుడు మొదలైన రోజు జయరాజు కాసెట్ తీసుకుపోయి తిమ్మప్ప ఇంట్లో అప్పగించాలి. ఎలక్షన్లప్పుడు తుపాకులున్నవాళ్లు స్టేషన్లో అప్పగించరూ, అట్లా. కుప్పలన్నీ మిషన్లో పడి కాయలు ఇల్లు చేరినాక తిమ్మప్ప దాన్ని తుడిచి తిరిగిచ్చేవాడు. తిమ్మప్ప చెడ్డవాడేం కాదు. ఊరి పెద్ద, ఎక్కువ కుప్పలున్నవాడు, అంతే.

జూన్‌లో కథ తిరగబడేది. కప్పలకు పెళ్లి చేసి, విరాటపర్వం చదివించి, అయినా చినుకు పడకపోతే టెంకాయ పట్టుకుని జయరాజు ఇంటికే వచ్చేవాళ్లు. కాసెట్‌కు కుంకుమ పెట్టొద్దని అతను బతిమాలేవాడు, పెట్టేవాళ్లు. ఇది అజ్ఞానమని ఆదివారం గట్టిగా ప్రసంగించిన పాస్టరు, చర్చి బోరు ఎండిన వారం తానే వచ్చి, ఎవరికీ చెప్పొద్దని తువ్వాలులో చుట్టుకుపోయాడు. వజ్రకరూరు నుంచి జీపులో మనుషులు వచ్చారు. అక్కడ గట్టి వాన పడితే నేల కడిగినట్టయి వజ్రాలు బయటపడతాయట; ఒక్క దినానికి ఇమ్మన్నారు. వాన పడకపోతే మాత్రం తప్పు కాసెట్‌ది కాదు. హారన్లు తూర్పుకు తిప్పినారనో, బీ సైడు పూర్తిగా నడవలేదనో సర్దిచెప్పుకునేవాళ్లు.

ఇన్నేళ్లలో ఆ ఆల్బం ఎన్ని ఊళ్లలో మోగిందో లెక్క లేదు. విన్నవాడు లేడు. మొదటి కూత వినబడగానే అందరి మొహాలూ ఆకాశంలోకి లేచేవి. జయరాజు మనిషి మనిషి దగ్గరికీ పోయి, జక్కయ్య పాటలో ఆ గిటారు ఎట్లుండాదప్పా అని అడిగేవాడు. మడకశిర పక్క కొంచెం కమ్ముకుంటాంది అన్నా అని జవాబు వచ్చేది. రూతు కూడా అంతే. మూడో పాట మొదలయ్యే వేళకు ఆమె మిద్దె మీద వడియాల దగ్గర ఉండేది.

హిందూపురంలో గుండెకు పరీక్షలు చేయించుకొచ్చిన రోజు అతను రూతును కూర్చోబెట్టి చెప్పాడు.

“నేను పోతే మన్ను పోసే ముందర రెండు సైడులూ వేయించు. జనం కూచోని వినల్ల. బాగుంటే బాగుందనల్ల, లేకుంటే లేదనల్ల. నాకింకేం వద్దు.”

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ సరేనంది. ఏ నెలలో పోతావని అడగాలని ఆమెకు తోచలేదు. కుప్పలు నిండా చేన్లో ఉండగా, నవంబరులో పోయాడు.

శవాన్ని ఇంటి ముందర పడుకోబెట్టి రూతు నేరుగా తిమ్మప్ప ఇంటికి పోయింది. తిమ్మప్ప అప్పటికే ఏడ్చి ఉన్నాడు. కళ్లు తుడుచుకుని కుర్చీ వేశాడు. ఆమె కాసెట్ అడిగింది.

“అమ్మా రూతూ, ఆయప్ప నాకు తమ్ముని లెక్క. కానీ ఊరి కట్టెంతా చేన్లో ఉండాది. ఇంకొన్ని దినాలు ఓర్చుకోని సచ్చింటే ఏ గలాటా లేకుండె కదమ్మా.”

“నేనూ అదే చెప్పినా. ఇనలేదు.”

“అట్లయితే పాటలు మల్ల ఏసుకుందాం. ఇప్పుడు మన్ను పోసేద్దాం.”

“మన్ను పోసినాక ఎవురు ఇంటారు తిమ్మప్పన్నా? ఆయప్ప బతికుండంగానే ఎవురూ ఇనలేదు. మీరు ఇయ్యకుంటే ఆయప్పను తెచ్చి మీ అరుగు మీదే పడుకోబెడతా. కుప్పలు అయ్యేదాకా ఈడే ఉంటాడు.”

తిమ్మప్ప అరుగు వైపు ఒకసారి చూశాడు. మనుషుల్ని పిలిపించాడు.

ఆ మధ్యాహ్నమంతా ఊరు ఊరే చేన్ల మీద పడింది. పిల్లా పెద్దా కుప్పలు కప్పారు. టార్పాలిన్లు చాలలేదు. అప్పుడు ఫ్లెక్సీలు దించారు. పుట్టినరోజు శుభాకాంక్షల లీడర్లు చేతులు జోడించి కుప్పల మీద వెల్లకిలా పడుకున్నారు. గృహప్రవేశాలు, పెద్దమనిషి ఫంక్షన్లు, గెలవని సర్పంచి అభ్యర్థులు, అందరూ ఒకే చేన్లో నవ్వుతూ ఆకాశం చూస్తున్నారు. అయినా తిమ్మప్ప చివరి కుప్పకు ఒక మూల మిగిలింది. అతను తల గోక్కుంటూ రూతు దగ్గరికొచ్చి, ఇంటి ముందు కట్టిన జయరాజు కన్నీటి నివాళి ఫ్లెక్సీ కాసేపు ఇస్తావా అని అడిగాడు. తీసుకుపొమ్మంది. ఊరికే వేలాడే బదులు ఆయప్పకూ ఒక పని దొరుకుతుందని చెప్పింది.

పొద్దు వాలకముందే సమాధి దగ్గర అందరూ చేరారు. పాస్టరు ప్రార్థన ముగించాడు. ఈరన్న, ఇప్పుడు ముసలివాడు, ఎక్కడో అటక మీది టేప్‌రికార్డరు తెచ్చి, కాసెట్ పెట్టి, దండం పెట్టి నొక్కాడు.

రైలు కూసింది. తలలన్నీ పైకి లేచాయి.

ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మొదటి పాట అయిపోయింది. రెండోది కూడా అయిపోయింది. పడమట చూశారు, తూర్పున చూశారు. గద్ద ఒకటి తిరుగుతోంది, అంతే. మూడో పాటకు మెడలు నొప్పులు పుట్టాయి. ఒక్కొక్కరే తలలు దించారు. దించినాక చూడటానికి ఏమీ లేక, చెవులకు పని తగిలింది. జక్కయ్య చెట్టెక్కుతుంటే గిటారు కూడా మెట్టు మెట్టూ ఎక్కింది. గాడిద పాటలో జయరాజే గాడిదలా అరిచాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, శవం గుర్తొచ్చి ఆపుకున్నారు.

రూతు మట్టిదిబ్బ పక్కన కూర్చుని, మొదటిసారి చివరిదాకా వింది. యోనా పాటలో పైకి పోవలసిన చోట అతని గొంతు పైకి పోయింది, కొంచెం తక్కువ పోయింది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ అందలేదు. అతను అదే పట్టుదలతో మూడోసారీ పోయాడు. ఆమెకు నవ్వొచ్చింది, కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఇన్నేళ్లు తాను ఒక పాటగాడి పెళ్లాన్నని అనుకుంటూ బతికింది. పైకి గొంతు అందని ఈ మనిషి ఎవరో తనకు తెలియనే తెలియదు.

బీ సైడు ఆగిపోయింది. ఒక్క చినుకు లేదు. తిమ్మప్ప గొంతు సవరించుకున్నాడు.

“తప్పుగా అనుకోవద్దు రూతమ్మా. పాటలు అంత బాగలేవు.”

పాస్టరు ఉలిక్కిపడ్డాడు. రూతు తల ఊపింది.

“చేప పాట బొత్తిగా బాగలేదు,” అంది.

“చెట్టు పాట ఉండాది చూడు, అది మాత్రం నిలబడింది,” అన్నాడు తిమ్మప్ప. “గిటారు ఎవురు వాయించింది?”

ఆయప్పే అని ఈరన్న చెప్పాడు. అయితే పాడకుండా వాయించింటే సరిపోయేదని ఒకరన్నారు. గొంతు మంచిదే, మద్రాసోళ్ల డ్రమ్ము తొందరపెట్టిందని ఇంకొకరన్నారు. కాదు, ఊపిరి చాలలేదన్నారు. మాట మీద మాట పెరిగింది. ఆ పాట మళ్లీ వేయమని తిమ్మప్ప అన్నాడు. ఈరన్న వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. పారలు పట్టుకున్నవాళ్లు పారలు పక్కన పెట్టి కూలబడ్డారు. పాస్టరు చేతిలో మన్ను పట్టుకుని, పోయాలో వద్దో తెలియక అట్లాగే నిలబడ్డాడు. రూతు కొంగుతో మొహం తుడుచుకుని కొంచెం ముందుకు జరిగి, తప్పు డ్రమ్ముది కానే కాదని వాదనలోకి దిగింది.